కుర్రకారులో ‘కారు’ ఏమైంది?

#1 · పాయింట్‌సెట్

కాలేజీ పార్కింగుల్లో కార్లకు కొదవ లేదు. బానెట్ ఎత్తి చూసే కుర్రాళ్లే కనబడరు. ‘ఈ కాలం పిల్లలకు ఫోను తప్ప ఇంకేం పట్టదు’ అని తేల్చేయడం సులువే గానీ, అది నాకు నచ్చని జవాబు. కార్ల పిచ్చి పుట్టాలంటే ముందు వస్తువు చేతికి అందాలి, చేత్తో విప్పనివ్వాలి.

మారుతీ 800 సంగతి చూడండి. 1983 డిసెంబరులో 47,500 రూపాయలకు వచ్చింది. 796 సీసీ, మూడు సిలిండర్లు, కార్బొరేటర్, స్పార్కు కోసం కరెంటును తెంచే పాయింట్ సెట్. ఇంట్లో పదో తరగతి కుర్రాడు కూడా నేర్చుకోదగ్గ పని అది. డిస్ట్రిబ్యూటర్ క్యాప్ తీసి, క్యామ్ కొన మీదకి పాయింటు మడమ వచ్చేదాకా ఇంజిన్ తిప్పి, సందు కొలిచే ఫీలర్ గేజ్‌లో 0.45 మి.మీ. రేకు పెట్టి, స్క్రూ బిగించి మళ్లీ కొలవడం. రెండోసారి కొలవడం ఎందుకంటే, స్క్రూ బిగిసేటప్పుడు గ్యాప్ జరుగుతుంది. గ్యాప్ ఎక్కువైతే పాయింట్లు ముందే తెరుచుకుంటాయి, టైమింగ్ ముందుకు పోతుంది, ఫ్లైఓవర్ ఎక్కుతుంటే టకటకమని నాకింగ్. ఒక పాయింటు మీద గుంట, ఎదుటిదాని మీద బొడిపె కనబడితే కండెన్సర్‌ని అనుమానించాలి. ఇంత చిన్న పనిలో కరెంటు, టైమింగ్, మంట మూడూ అర్థమయ్యేవి.

ఆ బండికి 2000లో కార్బొరేటర్ బదులు కంప్యూటర్ లెక్కతో పెట్రోలు చిమ్మే ఎంపీఎఫ్ఐ వచ్చింది. 2010లో బీఎస్4 కాలుష్య ప్రమాణం అమలైన 13 నగరాల్లో అమ్మకం ఆగింది, హైదరాబాద్ వాటిలో ఒకటి. 2014 జనవరిలో తయారీయే ఆగిపోయింది. నా అనుమానం, పోయింది పిల్లల ఆసక్తి కాదు, నిచ్చెనలో మొదటి మెట్టు. మీరేమంటారు?

#2 · లాంబ్డా

పాయింట్‌సెట్ గారూ, విప్పడం తేలిక కాబట్టి పాత బండే మంచి గురువు అంటే నేను ఒప్పుకోను. పాయింట్లు కొన్ని వేల కిలోమీటర్లకోసారి అరిగిపోయేవి కాబట్టే అందరూ సెట్ చేయడం నేర్చుకున్నారు. గతిలేక నేర్చినదాన్ని పిచ్చి అనకండి.

ఇప్పటి బండి తన రోగం తనే చెబుతుంది. స్టీరింగ్ కింద ఇంజిన్ లోపాలు చదివే 16 పిన్నుల ఓబీడీ సాకెట్ ఉంటుంది. దానికి గుచ్చే ఈఎల్ఎమ్327 బ్లూటూత్ ముక్క, ఫోన్లో ఒక యాప్ ఉంటే చాలు. సంతలో దొరికే 2.1 వెర్షన్ నకళ్లలో చాలావాటికి కొన్ని ఆదేశాలు అర్థం కావు, మధ్యలో తెగిపోతాయి. 1.5 చూసుకుని కొనండి. మొదట ఈ నాలుగు చూడాలి.

ఇంజిన్ వేడెక్కాక కూలెంట్ 85–95 డిగ్రీల దగ్గర నిలవాలి. హైవే మీద 70కి పడిపోతుంటే థర్మోస్టాట్ తెరుచుకుని ఇరుక్కుపోయినట్టు. ముందు ఆక్సిజన్ సెన్సార్ 0.1 నుంచి 0.9 వోల్టుల మధ్య గబగబా ఊగాలి. లాంగ్ టర్మ్ ఫ్యూయల్ ట్రిమ్, అంటే ఇంజిన్ కంప్యూటర్ పెట్రోలును ఎంత పెంచి తగ్గించి సర్దుతోందో ఆ లెక్క, ప్లస్ మైనస్ 10 శాతం లోపు ఉండాలి. ఐడిల్‌లో బాగుండి 2,500 ఆర్‌పీఎమ్ దగ్గర ప్లస్ 15 దాటితే పంపో, ఫిల్టరో నీరసించింది. ఐడిల్‌లోనే ఎక్కువగా ఉండి, రేజ్ చేస్తే తగ్గితే ఎక్కడో గాలి పీలుస్తోంది.

ఇక మిస్‌ఫైర్, అంటే ఒక సిలిండర్ సరిగ్గా మండకపోవడం. యాప్‌లో పీ0302 కోడ్ వస్తే రెండో సిలిండర్. దాని కాయిల్ తీసి మూడోదానికి వేయండి, కోడ్ చెరిపి ఒక రౌండు తిప్పండి. కోడ్ పీ0303గా మారితే కాయిల్ పోయినట్టు. మారకపోతే ప్లగ్గూ అలాగే మార్చి చూడండి. అదీ కాకపోతే ఇంజెక్టర్, చివరికి కంప్రెషన్. పావుగంట పని, ఖర్చు సున్నా. దీని ముందు ఫీలర్ గేజ్ ఏపాటి?

#3 · ఆటోనగర్ పానా

లాంబ్డా గారి గాలి లెక్కకు ఒక సవరణ. అది లోపలికెళ్లే గాలిని కొలిచే మాస్ ఎయిర్ ఫ్లో సెన్సార్ ఉన్న బండికి సరిపోతుంది. మన దగ్గర చిన్న కార్లలో ఎక్కువ వాటికి ఉన్నది మేనిఫోల్డ్‌లో ఒత్తిడి కొలిచే మ్యాప్ సెన్సార్. అక్కడ మేనిఫోల్డ్‌లోకి దొంగగాలి వస్తే ఒత్తిడి పెరిగినట్టు సెన్సార్ చూస్తుంది, ఈసీయూ (ఇంజిన్ కంప్యూటర్) దానికి తగ్గ పెట్రోలు పోసేస్తుంది. ట్రిమ్ అంతగా కదలదు, ఐడిలే పైకి లేస్తుంది. వేడి ఇంజిన్‌కు ఐడిల్‌లో మ్యాప్ 30–40 కిలోపాస్కల్ ఉండాలి. 50 చూపిస్తూ ఐడిల్ 1,100 దగ్గర కూచుంటే పైపులు వెతకండి. ట్రిమ్ బాగుంది కదా అని వదిలేస్తే ఎన్ని రోజులైనా దొరకదు.

అసలు చర్చకొస్తే, ఓబీడీతో రోగం తెలుస్తుంది, నిజమే. వైద్యం చేయనిస్తారా? సిగ్నల్ దగ్గర ఇంజిన్ తనే ఆగే స్టార్ట్–స్టాప్ బండికి మామూలు బ్యాటరీ వేస్తే కొన్నాళ్లకే చస్తుంది, మాటిమాటికీ స్టార్టును తట్టుకునే ఈఎఫ్‌బీ రకమో ఏజీఎమ్ రకమో వేయాలి. నెగటివ్ టెర్మినల్ మీద కరెంటు కొలిచే సెన్సార్ ఉన్నచోట జంప్ స్టార్ట్ నెగటివ్ క్లిప్పు ఇంజిన్ ఇనుముకు తగిలించాలి, టెర్మినల్‌కు తగిలిస్తే లెక్క తప్పుతుంది. ముందద్దం మారిస్తే డ్రైవర్‌కు సాయపడే అడాస్ కెమెరాకు కాలిబ్రేషన్ చేయించాలి, దానికి ప్రత్యేక టూల్ కావాలి. బీఎస్6 డీజిల్ తీసుకుంటే పొగలోని మసిని పట్టే డీపీఎఫ్ ఫిల్టర్ ఒక జంజాటం. ఇంటికీ ఆఫీసుకీ మధ్య నాలుగు కిలోమీటర్లే తిప్పితే మసి కాలేంత వేడి రాదు. ఆ మసిని కాల్చే రీజెన్ సగంలో ఆగడం వల్ల డీజిల్ ఇంజిన్ ఆయిల్లోకి దిగి డిప్‌స్టిక్ మీద లెవెల్ పెరుగుతుంది. ఆయిల్ తగ్గితే కంగారుపడతాం, పెరిగితే ఎవరికీ అనుమానం రాదు. అక్కడే టర్బో బేరింగులు పోతాయి.

ఇదంతా చూసిన కుర్రాడు మెకానిక్ షెడ్డుకే దండం పెడతాడు.

#4 · ఓఆర్ఆర్ పిలగాడు

అన్నలూ, గిదంతా మంచిగనే ఉంది గానీ పిలగాండ్లకు పైసలు యాడికెళ్లి వస్తయ్? గది జెప్పుండ్రి ముందు.

పాలియో 1.6, ఫియెస్టా 1.6 ఎస్, పోలో జీటీ టీఎస్ఐ, 145 గుర్రాల పుంటో అబార్త్. నడిపితే మజా వచ్చే చిన్న బండ్లు గివే ఉండె. ఫియట్ 2019ల పోయింది, ఫోర్డ్ 2021ల తయారీ బంజేసింది, పోలో 2022ల ఆగింది. 2025ల గోల్ఫ్ జీటీఐ వచ్చింది, సంబురం. ఎక్స్‌షోరూమ్ 53 లక్షలు! గది వచ్చినప్పుడు తెలంగాణల 20 లక్షలు దాటిన బండికి లైఫ్ ట్యాక్స్ 18 శాతం ఉండె, అంటే తొమ్మిదిన్నర లక్షలు ట్యాక్సే. గా పైసలతోని కొత్త స్విఫ్ట్ ఇంటికొస్తది.

అదే 2013ల డ్యూక్ 390 లక్షా ఎనభై వేలకు వచ్చింది, 43 గుర్రాలు. పిచ్చి యాడికి పోలే అన్నా, రెండు చక్రాల మీదికి ఎక్కింది. గంతే.

#5 · స్టెప్నీ

+1. ‘కుర్రకారు’లోంచి కారు దిగిపోయి కుర్ర ఒక్కటే మిగిలింది.

#6 · సెక్షన్ 52

డబ్బు, టెక్నాలజీ రెండూ నిజమే. మూడోది మాత్రం ఎవరూ అనలేదు, చట్టం. కారు మీద మోజు ఎప్పుడూ చిన్న మార్పులతోనే మొదలవుతుంది. మన దగ్గర ఆ మార్పులకు చోటు బహు ఇరుకు.

మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం తయారీదారు ఇచ్చిన స్పెసిఫికేషన్‌కు భిన్నంగా మార్చకూడదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు దాన్ని గట్టిగా చెప్పింది. అదే ఏడాది సవరణలో 182ఏ(4) వచ్చింది. అనుమతి లేని ఒక్కో మార్పుకు 5,000 జరిమానా, లేదా ఆరు నెలల దాకా జైలు, లేదా రెండూ. ‘ఒక్కో మార్పుకు’ అన్న మాట గమనించండి. సైలెన్సర్ మోత మీద 190(2) వేరే ఉంది, మొదటిసారికే 10,000 దాకా. బుల్ బార్లు కుదరవని రవాణా శాఖ 2017 డిసెంబరులోనే రాష్ట్రాలకు రాసింది. అద్దాల నల్ల ఫిల్ముల మీద సుప్రీం తీర్పు 2012ది.

చేయదగ్గవీ ఉన్నాయి. రంగు మార్చవచ్చు, ఆర్టీవో అనుమతి తీసుకుని ఆర్‌సీలో రాయించుకోవాలి. ఆమోదం పొందిన సీఎన్‌జీ కిట్ వేయవచ్చు, ఆర్‌సీతో పాటు ఇన్సూరెన్స్‌లోనూ ఎండార్స్ చేయించాలి. ఈ రెండోదే చాలామంది మరుస్తారు, క్లెయిమ్ రోజున గుర్తుకొస్తుంది.

ఇంజిన్ కంప్యూటర్ ప్రోగ్రామును మార్చే రీమ్యాప్ సంగతి వేరే. బయటికి కనబడదు కాబట్టి ఎవరూ పట్టుకోరని ధైర్యం. వారంటీలో ఉన్న టర్బో బండికి ఈసీయూలో ప్రోగ్రాం ఎన్నిసార్లు మార్చారో చెప్పే ఫ్లాష్ లెక్క పెరిగి ఉంటే సర్వీస్ సెంటర్‌కు తెలిసిపోతుంది. ఇంజిన్ వారంటీకి అక్కడే తిలోదకాలు.

ఇంకోటి, మైనర్ పిల్లలకు తాళాలిచ్చే తల్లిదండ్రులకు. 199ఏ కింద 25,000 జరిమానా, మూడేళ్ల దాకా జైలు, బండి రిజిస్ట్రేషన్ ఏడాది రద్దు, ఆ కుర్రాడికి 25 ఏళ్లు వచ్చేదాకా లైసెన్సు లేదు. పొలంలో ట్రాక్టరు, ఊరి బయట జీపు అంటూ పద్నాలుగేళ్లకే స్టీరింగ్ పట్టే ఆనవాయితీ దీంతో తగ్గింది. తగ్గాల్సిందే, అందులో నాకు రెండో మాట లేదు. ఆ స్థానంలో మరొక బడి మాత్రం పెట్టలేదు.

#7 · రింగుపానా

సెక్షన్ 52 గారూ, టైర్ల సైజు సంగతి? అన్ని ఫోరాల్లోనూ మొదటి ప్రశ్న అదే.

#8 · సెక్షన్ 52

మీ మోడల్‌లోనే పై వేరియంట్‌కు కంపెనీ ఇచ్చిన సైజుకు వెళ్లడం సురక్షితం. లెక్క ఇలా వేయాలి. స్విఫ్ట్ కింది వేరియంట్ 165/80 ఆర్14. రిమ్ము 14 అంగుళాలంటే 355.6 మి.మీ., పక్కగోడ 165లో 80 శాతం అంటే 132, రెండు వైపులా 264. మొత్తం 619.6. పై వేరియంట్ 185/65 ఆర్15: 381, దానికి 240.5 కలిపితే 621.5. తేడా 0.3 శాతం, స్పీడోమీటర్‌కు తెలియదు కూడా. అదే ‘వెడల్పుగా బాగుంటుంది’ అని 195/65 వేస్తే 634.5, అంటే 2.4 శాతం పెద్ద. బండి అసలు వేగం కన్నా మీటర్ తక్కువ చూపుతుంది, స్టీరింగ్ పూర్తిగా తిప్పితే వీల్ ఆర్చ్ లైనింగ్‌కు రాసుకుంటుంది, పికప్పు మందగిస్తుంది. టైరు ఎంత బరువు మోయగలదో చెప్పే లోడ్ ఇండెక్స్ కంపెనీ ఇచ్చినదానికి తగ్గకూడదు.

#9 · డాలస్ డిప్‌స్టిక్

మన చట్టాలే కారణం అనుకుంటే పొరపాటు. అమెరికాలో పదహారేళ్లకే లైసెన్సు, సొంత గ్యారేజీ, టికెట్ కొని పానాలు పట్టుకుని లోపలికెళ్లి మనమే పార్టు విప్పుకునే స్క్రాప్ యార్డులు, అన్నీ ఉన్నాయి. అయినా 16 ఏళ్ల వాళ్లలో లైసెన్సు ఉన్నవాళ్లు 1983లో 46 శాతం, 2014కు 24.5 శాతం. మనకు మారుతీ 800 వచ్చిన ఏడే అక్కడ లెక్క 46 ఉండడం ఒక విచిత్రం. జపాన్‌లో దీనికి ‘కురుమా బనారే’ అని పేరే పెట్టేశారు. కారుకు దూరం కావడం అని అర్థం.

స్నేహితుణ్ని కలవడానికి కారు అక్కర్లేకుండా పోయింది. కారు ఒకప్పుడు స్వేచ్ఛకు తాళంచెవి. ఇప్పుడది ఇన్సూరెన్సు, ఈఎమ్ఐ, పార్కింగు.

#10 · పాయింట్‌సెట్

డిప్‌స్టిక్ గారూ, ఒప్పుకుంటాను. కానీ అక్కడ తగ్గినా మిగిలినవాళ్లకు ఆడుకోవడానికి పాత బండ్లు మిగిలాయి. 25 ఏళ్లు దాటిన జపాన్ బండిని అమెరికాకు తెచ్చుకోవచ్చు. మన దగ్గర సెకండ్ హ్యాండ్ కారు దిగుమతికి మూడేళ్లు మించకూడదు. ఇక్కడే తయారైన పాతదాని గతి చూడండి. 15 ఏళ్లు నిండాక రీరిజిస్ట్రేషన్ 600 ఉండేది, 2022 ఏప్రిల్‌లో 5,000 అయింది. 2025 ఆగస్టులో 20 ఏళ్లు దాటిన కార్లకు 10,000 చేశారు. 2021లో వచ్చిన వింటేజ్ నిబంధన బాగుంది, పదేళ్లకు 20,000 రూపాయలు, నంబరులో ‘వీఏ’ అక్షరాలు. కానీ అది 50 ఏళ్లు దాటిన బండికే. పదిహేనుకూ యాభైకీ మధ్య ముప్పై అయిదేళ్లు ఆ బండి చెత్తా కాదు, సంపదా కాదు. మొట్టమొదటి మారుతీ 800కు వింటేజ్ హోదా 2033లో వస్తుంది. కుర్రాడు కొనగలిగిన బండ్లన్నీ ఆ మధ్యలోనే ఉన్నాయి.

#11 · ఆటోనగర్ పానా

ఆ మధ్యలో ఉన్న కార్బొరేటర్ బండ్లకు ఇప్పుడు 20 శాతం ఇథనాల్ కలిపిన పెట్రోలు, ఈ20 తోడైంది. పని తెలిస్తే భయం లేదు, రాసి పెట్టుకోండి.

మామూలు పెట్రోలుకు గాలి–ఇంధనం నిష్పత్తి బరువులో 14.7. ఈ20కి దాదాపు 13.5. అంటే బరువులో 8–9 శాతం ఎక్కువ పెట్రోలు పోవాలి. ఎంపీఎఫ్ఐ ఆక్సిజన్ సెన్సార్ చూసి సర్దుకుంటుంది, కార్బొరేటర్ సర్దుకోదు. బండి లీన్ అవుతుంది, అంటే గాలికి తగ్గ పెట్రోలు అందదు. చలిలో స్టార్ట్ కాదు, సగం యాక్సిలరేటర్ దగ్గర ఎత్తేసినట్టు కుదుపు, ప్లగ్గు పింగాణీ తెల్లబడుతుంది. కార్బొరేటర్‌లో పెట్రోలు పోయే జెట్ రంధ్రం విస్తీర్ణం 8 శాతం పెరగాలంటే వ్యాసం 4 శాతం పెరిగితే చాలు. సైజు 100 ఉన్నచోట 102.5 వేసి ప్లగ్గు చూడండి, లేత ఇటుక రంగు రాకపోతే 105. తీగతో పొడిచి రంధ్రం పెద్దది చేయొద్దు. గుండ్రం పోతే ఆ జెట్ ఇక పారేయడమే.

రబ్బరు పైపులు మెత్తబడి లోపలి పొర రాలుతుంది, ఆ నల్లటి పొడి ఫ్లోట్ నీడిల్ కింద చేరి పెట్రోలు పొంగుతుంది. ఎస్‌ఏఈ జే30ఆర్9 అని అచ్చు ఉన్న పైపు అడగండి. రెండు మీటర్లు కొంటే చిన్న కారు ఇంజిన్ దగ్గరి పైపులన్నిటికీ సరిపోతుంది, క్లిప్పులూ కొత్తవే వేయండి. నెలల తరబడి నిలబెట్టే బండికి ట్యాంకు నిండుగా ఉంచండి. ఖాళీ ఉంటే తేమ చేరి, నీరూ ఇథనాలూ కలిసి అడుక్కి విడిపోతాయి. పంపు మొదట లాగేది దాన్నే.

#12 · లాంబ్డా

మ్యాప్ సవరణకు థాంక్స్ పానా గారూ, నాదే పొరపాటు. మీ ఈ20 పోస్టు పిన్ చేయమని మోడరేటర్లకు మనవి.

#13 · బాజా బల్ల

బడి లేదన్నారు సెక్షన్ 52 గారు. ఉంది, ఎవరికీ తెలియదు. 2007 నుంచి బాజా ఎస్‌ఏఈ ఇండియా అనే పోటీ నడుస్తోంది. ఇంజినీరింగ్ విద్యార్థులే బగ్గీ కడతారు, పెట్రోలు విభాగంలో అందరికీ ఒకటే 305 సీసీ, 10 హెచ్‌పీ బ్రిగ్స్ అండ్ స్ట్రాటన్ ఇంజిన్. బండి బోల్తాపడినా డ్రైవర్‌ను కాపాడే రోల్ కేజ్ ముఖ్యమైన గొట్టాలకు ప్రాథమిక కొలత 25 మి.మీ. వ్యాసం, 3 మి.మీ. మందం, 0.18 శాతం కార్బన్ ఉక్కు. చాలా జట్లు బరువు తగ్గించడానికి 4130 అనే మిశ్రమ ఉక్కులో 29.2 వ్యాసం, 1.65 మందం తీసుకుంటాయి. వంగుడు బలం, గట్టిదనం సమానమని లెక్క రాసి చూపాలి. కొత్త జట్ల పొరపాటు ఒకటే. గొట్టం కొనకు చేపనోటి కోత సరిగ్గా రాక రెండు మి.మీ. సందు మిగులుతుంది, దాన్ని వెల్డింగు మెటల్‌తో పూడ్చేస్తారు. పగులు వెల్డులో రాదు, పక్కన కాలిన భాగంలో వస్తుంది.

రోడ్డు రేసు రకం కావాలంటే ఫార్ములా స్టూడెంట్ పోటీలున్నాయి. మన జట్లలో ఎక్కువ మంది 373 సీసీ కేటీఎమ్ ఇంజిన్ వాడతారు. శక్తిని కట్టడి చేయడానికి గాలి మొత్తం 20 మి.మీ. రంధ్రమున్న రిస్ట్రిక్టర్ గుండానే పోవాలి. ఇక్కడ నేర్చేది ఏ యూట్యూబ్‌లోనూ రాదు. చిక్కల్లా ఏమిటంటే, ప్లేస్‌మెంట్ సీజన్ రాగానే సగం జట్టు కోడింగ్‌కు పోతుంది. వాళ్లను తప్పు పట్టడానికి నాకు నోరు రాదు, జీతాల తేడా అలాంటిది.

#14 · ఓఆర్ఆర్ పిలగాడు

2023 ఫిబ్రవరి 11న హుస్సేన్ సాగర్ పొంటి ఫార్ములా ఈ ఎలక్ట్రిక్ కార్ల రేసు జరిగినప్పుడు ఎంత మంది పిలగాండ్లు వచ్చిన్రు! 2024ది జనవరిలనే రద్దాయె. రేసు సూద్దామంటె మల్ల చెన్నైకో కోయంబత్తూరుకో పోవుడే. ట్రాక్ లేకుంటె ఓఆర్ఆర్ మీద 120 దాటిస్తరు, కెమెరాకు దొరుకుతరు, అందరం బద్నాం.

#15 · రింగుపానా

సరే, అపార్ట్‌మెంట్లో ఉండే కుర్రాడు ఇవాళ మొదలుపెట్టాలంటే ఏ పనితో? సెల్లార్‌లో బండి విప్పితే అసోసియేషన్ వాళ్లు ఊరుకోరు.

#16 · స్టెప్నీ

ఇంజిన్ ఆయిల్‌తో. ముప్పావుగంటలో అయిపోతుంది, నేల మీద చుక్క పడకపోతే అసోసియేషన్‌కు తెలియదు. కింద పాత ఫ్లెక్సీ పరవండి, దానికంటే మంచిది లేదు.

కావలసినవి: 8 నుంచి 19 దాకా రింగు పానాలు, అరంగుళం రాచెట్, టార్క్ రెంచ్, రెండు జాక్ స్టాండ్లు, వెనక చక్రాలకు రెండు దిమ్మలు. ఒక్క జాకీ మీద ఉన్న బండి కిందకి తల పెట్టొద్దు. స్టాండ్లు లేకపోతే ఆ రోజు పని మానేయండి.

ఇంజిన్ అయిదు నిమిషాలు తిప్పి ఆపాక డ్రెయిన్ బోల్టు విప్పండి. సుజుకీ కే సిరీస్ 1.2 అయితే ఫిల్టర్‌తో కలిపి 3 లీటర్ల పైచిలుకు పడుతుంది. పాత ఫిల్టర్ విప్పాక దాని రబ్బరు రింగు ఇంజిన్‌కే అంటుకుందేమో వేలితో తడిమి చూడండి. దాని మీదే కొత్త ఫిల్టర్ బిగిస్తే రెండు రింగులవుతాయి, స్టార్ట్ చేసిన నిమిషంలో ఆయిలంతా నేల పాలు. కొత్త రింగుకు చుక్క ఆయిల్ రాసి, తగిలాక చేత్తో ముప్పాతిక చుట్టు. డ్రెయిన్ బోల్టుకు కొత్త వాషర్, 35 న్యూటన్ మీటర్లు. ‘ఇంకొంచెం’ అని లాగితే థ్రెడ్ పోతుంది. గ్రేడు మాన్యువల్‌లో ఉన్నదే పోయండి. 0డబ్ల్యూ–16 అడిగే ఇంజిన్‌కు అలవాటు కొద్దీ 20డబ్ల్యూ–40 పోస్తే, చల్లని ఇంజిన్లో పైకి చేరేసరికి ఆలస్యం, వాల్వుల టైమింగ్ మార్చే వీవీటీ సన్న దారుల్లో కదలిక మందం. నల్ల ఆయిల్ డ్రైనేజీలో పోయకుండా డబ్బాలో పోసి మెకానిక్ షెడ్డుకు ఇవ్వండి, వాళ్ల దగ్గర కొనేవాళ్లు ఉంటారు.

తర్వాత ఎయిర్ ఫిల్టర్, ప్లగ్గులు, బ్రేక్ ప్యాడ్లు. ఆ వరసలో.

#17 · కొత్త సభ్యుడు

నమస్తే అన్నలూ. 2004 మోడల్ 800 ఎంపీఎఫ్ఐ ఒకటి తక్కువకు వస్తోంది, ఆర్‌సీ గడువు అయిపోయింది. తీసుకోవచ్చా?

#18 · సెక్షన్ 52

20 ఏళ్లు దాటింది కాబట్టి ఫీజు 10,000. ఫారం 25, ఫిట్‌నెస్ తనిఖీ, చెల్లే ఇన్సూరెన్స్, పొల్యూషన్ సర్టిఫికెట్, బకాయి చలాన్లన్నీ కట్టి ఉండాలి. గ్రీన్ ట్యాక్స్ వేరు. గడువు దాటిన ప్రతి నెలకూ 500 ఆలస్య రుసుము, అది ముందే లెక్కేసి ధరలో తగ్గించమను. అయ్యాక అయిదేళ్లకు రెన్యూవల్ వస్తుంది.

#19 · పాయింట్‌సెట్

కాగితాల కన్నా ముందు తుప్పు చూడు తమ్ముడూ. డ్రైవర్ కాళ్ల దగ్గర కార్పెట్ ఎత్తు, బ్యాటరీ ట్రే కింద, తలుపుల అడుగు అంచులు, డిక్కీలో వెనక షాకబ్జార్బర్ల తలలు బిగించిన చోటు. ఇంజిన్ పనికి పార్టులు దొరుకుతాయి, గేర్‌బాక్స్ అయినా దొరుకుతుంది. స్క్రూడ్రైవర్‌తో గట్టిగా నొక్కి చూడు. పెయింటు గీసుకుపోతే పరవాలేదు. రేకులోకి దిగిపోతే ఊరికే ఇచ్చినా వద్దు.

#20 · కొత్త సభ్యుడు

రేపు స్క్రూడ్రైవర్ తీసుకెళ్తా అన్నా. ఫొటోలు పెడతా.